డిసెంబర్ 9 సన్మాన సభ: శాలువా కాకుండా ఇంకేం చేయొచ్చు, ఏం చేయకూడదు?

సీతమ్మధార_సత్యం
డిసెంబర్ 9 సాయంత్రం విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో చిన్న సభ పెడదామనుకుంటున్నాం. హక్కుల కోసం నిలబడేవాళ్ల రక్షణ మీద ఐక్యరాజ్యసమితి ప్రకటన వచ్చింది 1998లో అదే రోజున, అందుకని ఆ తేదీ. నలుగురిని పిలవాలని ఉంది. ఏజెన్సీలో ఒక దాడి కేసులో సాక్షిగా నిలబడ్డ ఆదివాసీ మహిళ, చెరువు ఆక్రమణ మీద సమాచార హక్కు దరఖాస్తులు వేస్తున్న ఒకాయన, పారిశుధ్య కార్మికుల నాయకురాలు, ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థలో భద్రతా లోపాల మీద నోరు విప్పిన కాంట్రాక్ట్ కార్మికుడు. చేతిలో 60 వేలు ఉన్నాయి. శాలువా, జ్ఞాపిక, ఫ్లెక్సీ, భోజనాలంటే సగం పైగా ఎగిరిపోతుంది. ఆ డబ్బు వాళ్లకి నిజంగా అక్కరకొచ్చేలా ఎలా ఖర్చు పెట్టాలి? మేం పిలవడం వల్లే వాళ్లకి కొత్త తలనొప్పి రాకుండా ఏం చూసుకోవాలి?

గాజువాక_గోపి
ముందు ఫ్లెక్సీ మానేయండి. ఫొటో, ఊరు పేరు వేసి కూడలిలో కడితే, వాళ్లని వెతుక్కునేవాడికి మీరే అడ్రసు ఇచ్చినట్టు.

లాయరమ్మ_సూర్యాబాగ్
సత్యం గారూ, ఆ సాక్షి కేసు ఏ దశలో ఉంది? ఆవిడ సాక్ష్యం, క్రాస్ ఎగ్జామినేషన్ రెండూ పూర్తయ్యాయా? కాకపోతే ఈ ఏడాది ఆవిణ్ణి వేదిక ఎక్కించొద్దు. దండ వేసిన ఫొటో ఒక్కటి దొరికితే చాలు, "మీకు ఈ సంఘం వాళ్లు సన్మానం చేశారు కదా, డబ్బిచ్చారు కదా, వాళ్లు చెప్పమన్నదే చెబుతున్నారు కదా" అని డిఫెన్స్ లాయరు అరగంట లాగుతాడు. ఆవిడ చెప్పింది నిజమే అయినా కోర్టులో తడబడితే నష్టం ఆవిడకే.

ఇంకోటి. అది లైంగిక దాడి కేసై, ఆవిడే బాధితురాలైతే, గుర్తుపట్టేలా పేరు గానీ ఫొటో గానీ ఊరు గానీ ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల దాకా శిక్ష. ఆహ్వాన పత్రం, వాట్సాప్ పోస్టరు కూడా ప్రచురణ కిందికే వస్తాయి. "గౌరవించడానికే వేశాం" అంటే కోర్టు వినదు.

సీతమ్మధార_సత్యం
లైంగిక దాడి కాదమ్మా. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నడుస్తున్న కేసు. క్రాస్ ఇంకా కాలేదు.

లాయరమ్మ_సూర్యాబాగ్
అయితే ఆవిడకి సన్మానం కాదు, 15ఏ సెక్షన్ కావాలి. 2015 సవరణతో వచ్చింది, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. బాధితులకీ సాక్షులకీ రక్షణ, ప్రయాణ ఖర్చులు, పోషణ ఖర్చులు, అవసరమైతే వేరేచోట నివాసం, ఇవన్నీ అందులో హక్కులుగా రాసి ఉన్నాయి. ఎవరైనా బెదిరిస్తే ఆవిడ నోటిమాటగా చెప్పినా స్టేషన్ హౌస్ ఆఫీసరు రాసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. సాక్షుల పేర్లు, చిరునామాలు కోర్టు ఉత్తర్వుల్లో కనపడకుండా చేయమని స్పెషల్ కోర్టుని అడగొచ్చు. అడగనిదే ఎవరూ చేయరు. ఒక పేజీ పిటిషన్ చాలు.

పాడేరు_ఘాట్
ప్రయాణ ఖర్చుల సంగతి నేను చెబుతాను. ఆ చట్టం కింది 1995 నిబంధనల్లో 11వ రూలు ప్రకారం సాక్షికి బస్సు చార్జీ, భత్యం వెంటనే గానీ మూడు రోజుల్లోగా గానీ ఇవ్వాలి. జరిగేదేటంటే, టికెట్లు పారేసుకుంటారు, హాజరు ధ్రువపత్రం అడగరు, బిల్లు అక్కడే ఆగిపోతుంది. వాయిదా అయిన రోజునే కోర్టు సిబ్బంది దగ్గర హాజరు ధ్రువపత్రం తీసుకోవాలి. టికెట్ల మీద అక్షరాలు నెల రోజుల్లో వెలిసిపోతాయి కాబట్టి బస్సు దిగగానే ఫొటో తీసుకోవాలి. రెండూ కలిపి దరఖాస్తుకి పిన్ను చేయాలి.

వాయిదా పడిందని తెలియక కొండ మీద నుంచి తెల్లారగట్ల బయల్దేరి వచ్చి, సాయంత్రం ఉత్త చేతుల్తో వెళ్లే సాక్షులు ఎంతమందో. ముందు రోజు ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు చూసి ఫోన్ చేసి చెప్పే మనిషి ఒక్కరుంటే అదే పెద్ద రక్షణ. ఆదివాసీ మహిళల మీద పోలీసులు అత్యాచారం చేశారన్న వాకపల్లి కేసు చూడండి. 2007 ఆగస్టులో జరిగింది, విశాఖ ప్రత్యేక కోర్టు తీర్పు 2023 ఏప్రిల్‌లో వచ్చింది. నిందితులు విడుదలయ్యారు, దర్యాప్తు సరిగా చేయలేదని కోర్టే అంది, బాధిత మహిళలకి పరిహారం ఇవ్వమంది. పదిహేనేళ్లు దాటి ఆ ఆడవాళ్లు నిలబడ్డారంటే వెనక మనుషులుండబట్టే.

మర్రిపాలెం_మేష్టారు
మీరంతా దాచమనే చెబుతున్నారు. నా మాట వేరు. నలుగురికీ తెలిసిన మనిషి జోలికి వెళ్లాలంటే ఎవడైనా ఆలోచిస్తాడు. ఒంటరిగా, ఎవరికీ తెలియకుండా ఉన్నవాడి మీదే మొదట చెయ్యి పడుతుంది. మన అనంతగిరి మండలం గిరిజన భూముల గనుల లీజుల మీద సమత సంస్థ పేరు పెట్టుకునే సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1997లో సమత తీర్పు వచ్చింది, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వకూడదని. దాక్కుని ఉంటే అది వచ్చేదా? సన్మానమంటే ఊరంతా "ఈ మనిషి మా మనిషి" అని చాటడం. దాన్ని తక్కువ చేయకండి.

బీచ్‌రోడ్_బాబ్జీ
మేష్టారూ, పేరున్నంత మాత్రాన ఆగుతారా? వరంగల్‌లో పౌరహక్కుల సంఘం రామనాథం గారు ఊరందరికీ తెలిసిన పిల్లల డాక్టరు. 1985 సెప్టెంబర్ 3న ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. 2000లో అదే సంఘం పురుషోత్తాన్ని, 2001లో ఆజం అలీని చంపారు. వీళ్లెవరూ అనామకులు కారు.

మర్రిపాలెం_మేష్టారు
నిజమే బాబ్జీ, కాదనను. కానీ సంస్థలో పేరున్న మనిషికీ, ఊళ్లో ఒక్కరే ఉన్న సాక్షికీ ఒకే మందు వేయొద్దు. నేను చెబుతున్నది చెరువు మీద దరఖాస్తులు వేసే ఆయన గురించి. ఆక్రమించినవాళ్లకి ఆయన పేరు ఎటూ తెలుసు. ఇక దాచి ఉపయోగమేటి? ఆయన వెనక ఎంతమంది ఉన్నారో అవతలివాళ్లకి తెలియడమే మేలు.

చెరువుగట్టు
మేష్టారి మాట ఈయన విషయంలో సరే. అయితే చప్పట్లు కొట్టడం వేరు, వెనక ఉండడం వేరు. అదే దరఖాస్తు, అవే ప్రశ్నలు, పది మంది పది చిరునామాల నుంచి వేయాలి. అప్పుడు ఒక్కణ్ణి బెదిరించి లాభం ఉండదు. 10 రూపాయల ఫీజు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో అసలు లేదు. సభకొచ్చినవాళ్ల చేత అక్కడే సంతకాలు పెట్టించి దరఖాస్తులు పోస్టు చేయించండి, శాలువా కంటే నయం.

మిగతావి:
సమాచార హక్కు చట్టం 6(2) ప్రకారం కారణం అడగకూడదు, సంప్రదించడానికి అవసరమైనవి తప్ప సొంత వివరాలూ అడగకూడదు. ఇంటి చిరునామా బదులు పోస్ట్ బాక్స్ నంబరు ఇవ్వొచ్చని 2013లో కలకత్తా హైకోర్టు చెప్పింది.
ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించిన సమాచారమైతే 7(1) కింద 48 గంటల్లో ఇవ్వాలి. ఎవరినైనా తీసుకుపోయి ఎక్కడ పెట్టారో చెప్పనప్పుడు ఇది వాడొచ్చు. దరఖాస్తు పైనే ఆ మాట పెద్దక్షరాలతో రాయాలి, ప్రాణహాని ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పాలి. లేకపోతే మామూలు 30 రోజుల కట్టలో కలిపేస్తారు.
వచ్చిన కాగితం వచ్చిన రోజునే నలుగురికి పంపేయాలి. కాగితం ఒక్కడి బీరువాలో ఉన్నంతసేపే ఆ ఒక్కడికి ప్రమాదం. 2011లో భోపాల్‌లో సమాచార హక్కు కార్యకర్త షెహ్లా మసూద్ హత్య తర్వాత కేంద్ర సమాచార కమిషన్ కూడా ఇదే దారి పట్టింది. దరఖాస్తుదారు మీద దాడి జరిగితే ఆయన అడిగిన సమాచారాన్ని సంస్థే బయటపెట్టాలని తీర్మానించింది.

ఉక్కునగరం_శ్రీను
కాంట్రాక్ట్ కార్మికుడి సంగతికి వస్తాను. 2003లో గయలో రహదారి పనుల్లో అవినీతిని బయటపెట్టిన ఇంజినీరు సత్యేంద్ర దూబే హత్య తర్వాత, 2004 ఏప్రిల్ 21న కేంద్రం పీఐడీపీఐ (ప్రజాప్రయోజనం కోసం గుట్టు విప్పేవారి రక్షణ) తీర్మానం తెచ్చింది. కేంద్ర ప్రభుత్వం, దాని సంస్థల్లో అవినీతి, అధికార దుర్వినియోగం మీద ఫిర్యాదు చేస్తే కేంద్ర విజిలెన్స్ కమిషన్ పేరు గుట్టుగా ఉంచుతుంది. పద్ధతి తప్పితే గుట్టూ పోతుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

పోస్టులోనే పంపాలి, మెయిల్‌లో కాదు. కవరు అతికించి, దాని మీద పీఐడీపీఐ అని ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో రాయాలి. కవరు మీద పంపేవారి పేరు రాయకూడదు. పేరు, చిరునామా లోపలి ఉత్తరం మొదట్లో గానీ చివర గానీ ఉండాలి, మధ్యలో ఎక్కడా "నేను ఫలానా సెక్షన్‌లో పనిచేస్తున్నాను" లాంటి ఆనవాళ్లు ఉండకూడదు. ఎందుకంటే పేరున్న భాగాన్ని తీసేసి మిగతాది కిందికి పంపుతారు. పేరు లేని ఉత్తరం ఈ తీర్మానం కింద తీసుకోరు. అదే ఫిర్యాదు నకలు యూనియన్‌కో కలెక్టరుకో పంపితే ఇక రహస్యం అనే మాటే లేదు.

మీరు పిలుస్తున్న ఆయన ఇప్పటికే బహిరంగంగా మాట్లాడాడు కాబట్టి ఆయనకి ఈ దారి మూసుకుపోయింది. ఆయన తోటివాళ్లకి మాత్రం చెప్పండి.

గాజువాక_గోపి
2014లో చట్టం చేశారు కదా, విజిల్ బ్లోయర్స్ చట్టం?

ఉక్కునగరం_శ్రీను
చేశారు, అమల్లోకి తేలేదు. ఆ చట్టం చూపించి ధైర్యం చెప్పకండి ఎవరికీ. ఆయనకి రాబోయే దెబ్బ గేట్ పాసు. ఉద్యోగం తీశామని కాగితం ఇవ్వరు, పాసు రెన్యువల్ చేయరు, అంతే. అందుకని పాసు రెండు వైపులా ఫొటో, పీఎఫ్ ఖాతా నంబరు, ఈఎస్‌ఐ కార్డు, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్, హాజరు ఎక్కడెక్కడ వేస్తారో, తోటి కార్మికులు ఇద్దరి పేర్లు, ఇవన్నీ ఇవాళే ఒక కవరులో పెట్టి ప్లాంటు బయట నమ్మకమైన మనిషి దగ్గర ఉంచాలి. పాసు ఆపిన రోజున కేంద్ర లేబర్ కమిషనర్ ఆఫీసులో వివాదం వేయాలంటే, పనిచేస్తున్నట్టు రుజువు చేసుకోవడమే సగం యుద్ధం.

బీచ్‌రోడ్_బాబ్జీ
ఇవన్నీ సరే, ఏదైనా జరిగితే మానవ హక్కుల కమిషన్‌కి రాస్తే సరిపోదా?

లాయరమ్మ_సూర్యాబాగ్
రాయాలి, కానీ తిరగ్గొట్టే ఉత్తరం రాయకూడదు. ఫీజు లేదు, తెలుగులో రాసుకోవచ్చు, హెచ్‌ఆర్‌సీనెట్ పోర్టల్‌లోనూ వేయొచ్చు. జాతీయ కమిషన్‌లో హక్కుల కార్యకర్తల కోసమే ఫోకల్ పాయింట్ అని ఒక విభాగం ఉంది, ఉత్తరం పైన ఆ పేరు రాయండి. మూడు చోట్ల దెబ్బతింటారు. సంఘటన జరిగి ఏడాది దాటితే మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36(2) కింద తీసుకోరు. రాష్ట్ర కమిషన్ ముందు అదే విషయం ఉంటే జాతీయ కమిషన్ ముట్టుకోదు, కాబట్టి ఒకే రోజు రెండిటికీ పంపి రెండూ పోగొట్టుకోవద్దు. మూడోది, కోర్టులో నడుస్తున్న విషయమైతే పక్కన పెట్టేస్తారు. అందుకని భూమి కేసు ఎవరిది న్యాయం అని రాయకుండా, "ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఫలానా హోదా ఉన్నవారు వచ్చి ఈ మాట అన్నారు" అని బెదిరింపు ఒక్కదాని మీదే రాయాలి.

సాక్షి రక్షణ పథకానికీ ఇదే వర్తిస్తుంది. 2018 డిసెంబర్‌లో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటికీ చట్టం చేసింది. జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ ఉంటుంది, దరఖాస్తు అక్కడికే. పోలీసులు అయిదు పనిదినాల్లో ముప్పు నివేదిక ఇవ్వాలి. రక్షణ ఒక్కో దఫా మూడు నెలలకి మించదు, కాబట్టి గడువు ముగిసేలోపు మళ్లీ అడగాలి. "నాకు ప్రాణహాని ఉంది" అని ఒక్క వాక్యం రాస్తే తక్కువ ముప్పు అని తేల్చేస్తారు. బండి నంబరు, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, చూసినవాళ్ల పేర్లు కావాలి. పెద్ద నేరాల సాక్షులకే ఈ పథకం. చెరువు ఆయనకి కేసే లేదు కాబట్టి ఇది రాదు. ఆయన ముందు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. తీసుకోకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 173(4) కింద కమిషనర్‌కి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, ఆ తర్వాత మేజిస్ట్రేట్.

ఫోన్_డాక్టర్
ఫోన్ల గురించి కొంచెం. వాట్సాప్‌లో రెండంచెల పిన్ పెట్టుకోవాలి. లింక్‌డ్ డివైసెస్‌లో తెలియని కంప్యూటరు ఉందేమో వారానికోసారి చూడాలి. బ్యాకప్‌కి ఎన్‌క్రిప్షన్ విడిగా ఆన్ చేయాలి, దానంతటది ఉండదు. వేలిముద్ర బదులు ఆరంకెల పిన్. సభ రోజున లైవ్ పెట్టకండి, ఫొటోలు వాళ్లు ఇంటికి చేరాకే.

నోటీసు వచ్చాక మాత్రం ఏదీ తుడిచేయొద్దు, సాక్ష్యం చెరిపారని అదొక కొత్త కేసవుతుంది. ఫోన్ జప్తు చేస్తే పంచనామాలో మోడల్, ఐఎంఈఐ, సిమ్ నంబర్లు, హాష్ విలువ రాయమని అడగాలి. హాష్ అంటే ఫోన్లో ఉన్న సమాచారం మొత్తానికి లెక్కకట్టిన వేలిముద్ర. తర్వాత లోపల ఒక్క ఫైలు చేర్చినా ఆ అంకె మారిపోతుంది. సోదా, జప్తు వీడియో తీయడం బీఎన్‌ఎస్‌ఎస్ 105 ప్రకారం పోలీసుల బాధ్యత. తీయకపోతే ఆ మాట కూడా కాగితం మీద రాయించండి.

కేజీహెచ్_నైట్‌డ్యూటీ
వైద్య పరీక్ష సంగతి ఎవరూ ఎత్తలేదు. అరెస్టయిన మనిషిని డాక్టరు పరీక్షించి గాయాలు రాయాలి, ఆ నివేదిక నకలు అతనికి గానీ అతను చెప్పినవారికి గానీ ఇవ్వాలి, బీఎన్‌ఎస్‌ఎస్ 53వ సెక్షన్. హడావిడిలో "బయటి గాయాలు లేవు" అని ఒక లైను పడిపోతుంది. అందుకని మనిషే నోరు తెరిచి చెప్పాలి: ఎక్కడ నొప్పి, దేంతో కొట్టారు, ఎప్పుడు. చొక్కా తీసి వీపు, అరికాళ్లు చూపించాలి. గాయం పొడవు సెంటీమీటర్లలో, రంగుతో సహా రాయమనాలి. ఎర్రగా ఉన్నది కొత్తది, ఆకుపచ్చకో పసుపుకో తిరిగితే కొన్ని రోజుల కిందటిది. కమిలిన మచ్చ మర్నాటికి గానీ పైకి తేలదు కొన్నిసార్లు, అప్పుడు మళ్లీ పరీక్ష అడగాలి.

2020 మేలో మన ఊళ్లో డాక్టర్ సుధాకర్ విషయంలో ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. ఆయన కోవిడ్ రోజుల్లో మాస్కులు లేవన్న డాక్టరు, పోలీసులు అరెస్టు చేశారు. హైకోర్టు మేజిస్ట్రేట్ చేత వాంగ్మూలం తీయిస్తే గాయాలు ఆరు అని వచ్చింది, ప్రభుత్వ నివేదికలో ఒకటే ఉంది. ఆ తేడా చూసే సీబీఐకి ఇచ్చారు. కాగితం మీద గాయాల లెక్కే మొత్తం కేసుని తిప్పింది.

కంచరపాలెం_కుర్రోడు
ఇవన్నీ ఒక కాగితం మీద అచ్చేసి సభలో పంచితే?

లాయరమ్మ_సూర్యాబాగ్
పంచండి, జేబులో పట్టేంత. అరెస్టుకి కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి, 2024 ప్రబీర్ పురకాయస్థ తీర్పు. అరెస్టు మెమో మీద సాక్షి సంతకం, సమయం ఉండాలి, 1996 డీకే బసు తీర్పు. 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకి. పోలీసుల ముందు హాజరు కమ్మనే బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు వస్తే తప్పకుండా వెళ్లాలి, వెళ్లకపోవడమే అరెస్టుకి దారి. ఆడవాళ్లనీ 60 దాటినవాళ్లనీ సాక్షిగా విచారించాలంటే స్టేషన్‌కి పిలవకూడదు, ఇంటికే రావాలి. ఉచిత న్యాయ సహాయానికి 15100. మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేదు.

జామీన్_గుమాస్తా
అసలు సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. బెయిలు వచ్చినా మనిషి లోపలే ఉండిపోయేది జామీన్లు లేక. ఇద్దరు పూచీదారులు కావాలని ఆర్డరు వస్తే సాయంత్రం నాలుగింటికి ఎవరిని వెతుకుతారు? శుక్రవారమైతే సోమవారం దాకా అంతే సంగతులు.

సత్యం గారూ, మీ సభలో అయిదారుగురు పూచీదారుల ఫైలు తయారు చేయండి. ఒక్కొక్కరిదీ ఆధార్, సొంత పేరున ఇంటి పన్ను రసీదు, ఆస్తి విలువ ధ్రువపత్రం లేదా జీతం ధ్రువపత్రం, పాస్‌పోర్టు ఫొటోలు నాలుగు. ఇంతకుముందు ఎన్ని కేసుల్లో పూచీ ఉన్నారో డిక్లరేషన్ ఇవ్వాలి, దాచితే జామీను రద్దవుతుంది. ఒకే మనిషిని అందరికీ వాడొద్దు, కోర్టు ఒప్పుకోదు. పూచీదారు దొరక్కపోతే నగదు డిపాజిట్‌కి అనుమతించమని బీఎన్‌ఎస్‌ఎస్ 490వ సెక్షన్ కింద అడగొచ్చు. అందుకే మీ 60 వేలల్లో 25 వేలు విడిగా ఉంచండి. కేసు అయ్యాక ఆ డబ్బు తిరిగొస్తుంది, ఇంకొకరికి పనికొస్తుంది.

కంచరపాలెం_కుర్రోడు
విదేశీ సంస్థలు అత్యవసర సాయం ఇస్తాయంటారు?

లాయరమ్మ_సూర్యాబాగ్
డబ్లిన్‌లోని ఫ్రంట్ లైన్ డిఫెండర్స్ లాంటివి ఇస్తాయి. కానీ సంఘం పేరున తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు, స్టేట్ బ్యాంకు ఢిల్లీ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి, 2020 సవరణ తర్వాత ఇంకో సంస్థకి బదిలీ చేయడమూ కుదరదు. అవి లేకుండా ఒక్క రూపాయి ముట్టుకున్నా కార్యకర్త మీదే కేసు. హక్కుల కార్యకర్తల విషయాలు చూసే ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధికి రాయడం వేరు, అందులో డబ్బు లేదు. అయితే ప్రభుత్వానికి వాళ్లు రాసిన లేఖ 60 రోజుల తర్వాత వెబ్‌సైటులో అందరికీ కనపడుతుంది. ఆ మనిషి ఒప్పుకోకుండా పేరు పంపొద్దు.

గాజువాక_గోపి
ఒప్పుకోలు అన్నారు కాబట్టి. పిలిచే నలుగురినీ నాలుగు విషయాలు విడివిడిగా అడగండి: పేరు చెప్పొచ్చా, ఊరు చెప్పొచ్చా, ఫొటో తీయొచ్చా, పత్రికలకి ఇవ్వొచ్చా. ఇంట్లోవాళ్లని కూడా. వారం ఆగి మళ్లీ అడగండి. మొహమాటానికి మొదటిసారి "సరే" అనేస్తారు.

పాడేరు_ఘాట్
ఆదివాసీ మహిళని వాళ్ల భాషలో అడగాలి, కువియో ఆదివాసీ ఒడియానో. తెలుగులో అడిగితే తలూపేస్తారు.

మర్రిపాలెం_మేష్టారు
పారిశుధ్య కార్మికుల నాయకురాలికి మాత్రం నిండు సభే కావాలి. ఆవిడ బలం ఆవిడ వెనక ఉన్న ఆడవాళ్లే. వాళ్లకి తెల్లవారుజామున డ్యూటీ, కాబట్టి సభ అయిదింటికి మొదలై ఏడింటికి అయిపోవాలి. ఆవిణ్ణి మాట్లాడనివ్వండి, మనం వినాలి. ముఖ్య అతిథుల ప్రసంగాలు వద్దు.

సీతమ్మధార_సత్యం
చాలా మేలు చేశారందరూ. ఫ్లెక్సీ, జ్ఞాపికలు తీసేశాం. సాక్షిని వేదిక మీదికి పిలవం, కేసు అయ్యేదాకా డబ్బూ ఇవ్వం. 15ఏ పిటిషన్ వేయించి, వాయిదాలు చూసి ఫోన్ చేసే మనిషిని పెడతాం. చెరువు దరఖాస్తు పది మంది చేత అక్కడే సంతకం పెట్టిస్తాం. జామీను నిధి 25 వేలు. పూచీదారులుగా ఉండడానికి ఇష్టమున్నవాళ్లు ఇక్కడే చెప్పండి. గుమాస్తా గారూ, అద్దె ఇంట్లో ఉండే ఉద్యోగి పనికొస్తాడా?

జామీన్_గుమాస్తా
పర్మినెంట్ ఉద్యోగైతే పనికొస్తాడు. తాజా జీతం స్లిప్పు, ఆఫీసు ఐడీ కార్డు, ఆఫీసరు సంతకం, ముద్ర ఉన్న జీతం ధ్రువపత్రం కావాలి. ధ్రువపత్రం పాతదైతే కొన్ని కోర్టుల్లో తిప్పి పంపుతారు, కాబట్టి మూడు నెలలకోసారి కొత్తది తీసుకోమనండి. ఇంటి పన్ను రసీదు కూడా ఈ ఏడాదిదే ఉండాలి.

ఉక్కునగరం_శ్రీను
నా పేరు రాసుకోండి. ఇల్లు నా పేరునే ఉంది, పన్ను కట్టేశాను.

చెరువుగట్టు
నాదీ.